పదికి పది పోయి పదకొండు ఎలా వచ్చింది?

మీ ప్రశ్నలు రెండు. మీ తొమ్మిదేళ్ల పాప ఇక్కడే విశాఖలో జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. మొన్న పోటీలో ఫ్లోర్ ఎక్సర్‌సైజ్‌లో 11.35 వచ్చింది, మూడో స్థానం. రొమేనియా జిమ్నాస్ట్ నాడియా కొమనేచి అంతటి ఆమెకే పదికి పది అయితే మా పాపకు పదకొండు దాటడమేమిటి, దాటినా మూడో స్థానమేమిటి అని మొదటి ప్రశ్న. రెండోది మీ నాన్నగారి మాట: "గోల్ లేదు, రన్ లేదు, ఎవరో కుర్చీలో కూర్చుని మార్కులేస్తారు. ఇది సర్కసేగానీ పోటీ ఎలా అవుతుంది?"

మీ నాన్నగారిని తేలిగ్గా తీసుకోకండి. ఆయన అడిగిన మాట మీదే యూరప్ వాళ్లు నూరేళ్లకు పైగా గొడవ పడ్డారు. మీ పాప 11.35 ఆ గొడవలోంచి పుట్టిన లెక్కే. అందుకని రెంటికీ కలిపి చెబుతాను, కాస్త పొడుగవుతుంది. నేను 1984లో పీఈటీగా చేరాను, 31 ఏళ్లు ఈ ఊళ్లోనే డ్రిల్ మాస్టారిని. జిల్లా, రాష్ట్ర పోటీల్లో జడ్జి కుర్చీలో కూర్చున్నవాణ్ని, ఆ కుర్చీలో తిట్లు తిన్నవాణ్ని కూడా.

మొదట ఒకటి ఒప్పుకోవాలి. పిల్లిమొగ్గలు మనకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. గడసాము, కర్రసాము మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లండి, ఏ కోచ్ దగ్గరా నేర్చుకోని కుర్రాళ్లు తడి ఇసుక మీద పరిగెత్తి వచ్చి వెనక్కి మొగ్గలు వేస్తూ కనిపిస్తారు. నేను నేర్చుకున్నదీ అక్కడే. పొడి ఇసుకలో కాలు దిగబడి ఎగరలేం, మరీ నీళ్ల దగ్గరైతే నేల రాయిలా ఉండి మడమలు అదురుతాయి, రెంటి మధ్యా ఓ పది అడుగుల పట్టీ ఉంటుంది, అదే మా మ్యాట్. అదే బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడుగారి విగ్రహం ఉంది కదా. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో డ్రిల్ మాస్టారుగా పనిచేసి, తర్వాత సొంత సర్కస్ నడిపిన మనిషి ఆయన. అంటే మన ఉత్తరాంధ్రలో డ్రిల్‌కీ సర్కస్‌కీ మధ్య గోడ ఎప్పుడూ పల్చనే. మీ నాన్నగారికి అలా అనిపించడంలో తప్పులేదు.

యూరప్ వాళ్లు కొత్తగా కనిపెట్టింది మొగ్గల్ని కాదు, మార్కుల పుస్తకాన్ని. అదీ ఇష్టపడి కాదు.

జర్మనీలో గుట్స్‌మూట్స్ అనే బడిపంతులు 1793లో పిల్లల వ్యాయామం మీద పుస్తకం రాశాడు. కానీ సింగిల్ బారు, డబుల్ బారు అని మన వ్యాయామశాలల్లో అనేవాటిని జనంలోకి తెచ్చింది ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్. 1806లో నెపోలియన్ ప్రష్యాను చిత్తుగా ఓడించాడు. ఆ కసితో యాన్ 1811లో బెర్లిన్ శివార్లలో హాసెన్‌హైడె అనే చోట ఆరుబయట వ్యాయామశాల పెట్టాడు. ఉద్దేశం పతకాలు కాదు, కుర్రాళ్లను గట్టిపరిచి ఫ్రెంచివాళ్ల మీదికి పంపడం. పామెల్ హార్స్ చూడండి, పేరులోనే గుర్రం ఉంది. గుర్రమెక్కడం, దిగడం సాధన చేసే చెక్కగుర్రం అది. ఈ కుర్రాళ్ల గుంపులు రాజకీయంగా ముదురుతున్నాయని ప్రభుత్వానికి భయం పట్టుకుని 1819లో యాన్‌ను అరెస్టు చేశారు, ఆ తర్వాత ఆ వ్యాయామాన్నే నిషేధించారు. 1842 దాకా నిషేధం పోలేదు. డబుల్ బారు మీద ఊగడం రాజద్రోహం అయిన రోజులవి!

స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ ఇంకో దారి పట్టాడు. 1813లో స్టాక్‌హోమ్‌లో ఒక సంస్థ పెట్టి, ఆరోగ్యం కోసం వరుసలు కట్టి చేసే కసరత్తు నేర్పాడు. మన బడుల్లో ప్రార్థన తర్వాత చేయించే మాస్ డ్రిల్‌కి ఆయన దూరపు తాతగారు. చెక్ వాళ్లు 1862లో ప్రాగ్‌లో సోకోల్ అనే ఉద్యమం మొదలుపెట్టారు, వేలమంది ఒకేసారి ఒకే కదలిక చేయడం వాళ్ల గొప్ప. ఈ ముగ్గురిలో ఎవరికీ "నీకు ఫస్టు, వాడికి సెకండు" అన్న ఆలోచన ముఖ్యం కాదు.

1881లో బెల్జియంలోని లియేజ్‌లో బెల్జియం, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ కలిసి యూరప్ జిమ్నాస్టిక్స్ సమాఖ్య పెట్టాయి. ఇప్పటి అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐజీ అదే, 1921లో పేరు మారింది. దాన్ని స్థాపించిన నికొలస్ కూపెరస్‌కి పోటీలంటే గిట్టదు. వ్యాయామంలో గెలుపోటములు పెడితే అది చెడిపోతుందని ఆయన నమ్మకం. పోటీలకు అడ్డం పడే మనిషి పెట్టిన సంస్థే ఈరోజు ప్రపంచ పోటీలు నడుపుతోంది.

1896లో ఏథెన్స్ ఒలింపిక్స్ వచ్చేసరికి అసలు గొడవ బయటపడింది. జర్మనీ వ్యాయామ సంఘం వెళ్లొద్దంది. కొందరు వినలేదు, వెళ్లారు. జిమ్నాస్టిక్స్‌లో ఎనిమిది పోటీలు జరిగితే ఐదు వాళ్లవే. కార్ల్ షుమాన్ అయితే వాల్ట్ (పరిగెత్తి వచ్చి, గుర్రం లాంటి దిమ్మె మీద చేతులు ఆనించి ఎగిరే పోటీ) గెలిచి, అదే ఒలింపిక్స్‌లో కుస్తీ కూడా గెలిచాడు. ఆ ఎనిమిదింటిలో తాడు ఎక్కడం ఒకటి, ఎత్తు 14 మీటర్లు, పైదాకా చేరింది ఇద్దరే, ఇద్దరూ గ్రీకులే. తాడు పోటీలో జడ్జి పని సుఖం. ఎవడు ముందు పైకెళ్తే వాడిదే. మీ నాన్నగారికి నచ్చే పోటీ అది. 1932 తర్వాత ఒలింపిక్స్‌లో లేదు.

1904 సెయింట్ లూయిస్‌లో జిమ్నాస్టిక్స్ కింద వంద గజాల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ కూడా కలిపేశారు. కొలిచేవీ, మార్కులేసేవీ ఒకే సంచిలో. అక్కడే జార్జ్ ఐసర్ అనే అమెరికన్, ఎడమకాలు లేని మనిషి, కర్రకాలుతో ఒక్కరోజులో ఆరు పతకాలు గెలిచాడు, అందులో మూడు స్వర్ణాలు. ఆ ఏడాదీ, మళ్లీ 1932లోనూ, గదల్లాంటి దుడ్డు కర్రలు తిప్పే పోటీ ఉంది. ఆ కర్రల పేరు ఇండియన్ క్లబ్స్. మన తాలింఖానాల్లో తిప్పేవి చూసి బ్రిటిష్ సైనికులు పట్టుకెళ్లిన సరుకు అది. ఇంకొకరు మన సరుకుతో ఒలింపిక్ స్వర్ణం కొట్టారన్నమాట.

ఆడవాళ్లకు తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో జట్టు పోటీ ఒక్కటే పెట్టారు, నెదర్లాండ్స్ అమ్మాయిలు గెలిచారు. ఆ జట్టులో చాలామంది యూదులు. తర్వాత యుద్ధంలో వాళ్లలో కొందరిని నాజీలు గ్యాస్ చాంబర్లలో చంపేశారు. 1896లో జర్మనీకి స్వర్ణాలు తెచ్చిన ఆల్ఫ్రెడ్ ఫ్లాటో కూడా 1942లో నాజీ క్యాంపులోనే పోయాడు. దేశం కోసం ఒళ్లు పెంచమన్న వ్యాయామం అది. ఈ మాట తలుచుకోకుండా నేను ఆ చరిత్ర పాఠం ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు మార్కుల సంగతికి వస్తాను.

1948 లండన్ ఒలింపిక్స్‌లో పామెల్ హార్స్ మీద ముగ్గురు ఫిన్లాండ్ వాళ్లకు సమానంగా స్వర్ణం ఇచ్చారు. ఆ రోజుల్లో జడ్జిలు ఒకరికొకరు పొంతన లేకుండా మార్కులు వేసేవారు. ఏది కష్టం, ఏది తప్పు, ఏ తప్పుకి ఎంత కోత అని అందరికీ ఒకే పుస్తకం లేదు. 1949లో ఎఫ్ఐజీ మొదటి కోడ్ ఆఫ్ పాయింట్స్ రాసింది. జిమ్నాస్టిక్స్ నిజంగా పోటీ ఆటగా మారింది ఆ ఏడాదే అని నా లెక్క. ఏథెన్స్ కాదు.

ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, పుస్తకం చేతిలో ఉన్నా చూసే కళ్లు వేరైతే ఏమవుతుందో నాకు అనుభవం. తొంభైల్లో ఓ జిల్లా పోటీ. ఒకే అమ్మాయి చేసిన ఒకే ఫ్లోర్ రొటీన్‌కి, అంటే నేల మీద చేసే విన్యాసాల వరుసకి, నేను 9.2 వేశాను, పక్క కుర్చీ ఆయన 8.1 వేశారు. అదే పుస్తకం ఇద్దరం చదివాం, కాకపోతే నేను ఆ పిల్ల దూకుడు చూశాను, ఆయన మోకాళ్లు చూశారు. నిర్వాహకులు సగటు కట్టి చేతులు దులుపుకున్నారు. ఆ అమ్మాయి తండ్రి వచ్చి, "మాస్టారూ, మీకు కనబడింది ఆయనకు కనబడలేదా, ఆయనకు కనబడింది మీకు కనబడలేదా?" అన్నాడు. సిగ్గేసింది. ఇంటికెళ్లి పాత నోటు పుస్తకాలు తీశాను. నేను చాలామందికి మోకాళ్లు చూడకుండానే మార్కులేశాను. ఆయనే కరెక్టు.

1952 హెల్సింకీ నుంచి సోవియట్లు దిగారు, ఆడవాళ్లకు విడివిడి ఈవెంట్లు కూడా అప్పుడే వచ్చాయి. ఆ ఒలింపిక్స్ హీరో విక్టర్ చుకారిన్, నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డవాడు, ముప్ఫై ఏళ్ల వయసులో నాలుగు స్వర్ణాలు గెలిచాడు. లరీసా లాటినినా 1956 నుంచి 1964 దాకా మూడు ఒలింపిక్స్‌లో 18 పతకాలు, తొమ్మిది స్వర్ణాలు. మగవాళ్లలో జపాన్ 1960 నుంచి 1976 దాకా వరుసగా ఐదుసార్లు జట్టు స్వర్ణం. అప్పటి జిమ్నాస్ట్‌ల పేర్లు విన్యాసాలకు ఇంటిపేర్లలా అతుక్కుపోయాయి. సుకహారా అంటే వాల్ట్ మీద చెయ్యి ఆనిస్తూ పక్కకి తిరిగి వెనక్కి మొగ్గ వేయడం. ఇక్కడ మన పిల్లలు "సార్, ఈ రోజు సుకహారా వేశా" అంటుంటే అది ఒక జపాన్ మనిషి పేరని చాలామందికి తెలియదు.

1976 మాంట్రియల్, జులై 18. రొమేనియాకి చెందిన పద్నాలుగేళ్ల నాడియా అన్ఈవెన్ బార్స్ (ఒకటి ఎత్తుగా, ఒకటి తక్కువ ఎత్తులో ఉండే రెండు బార్లు) మీద చేసి దిగింది. బోర్డు మీద 1.00 అని వచ్చింది. పదికి పది రావడం జరగదని మూడు అంకెల బోర్డే పెట్టారు, 9.99 చూపించగలదు, 10.00 చూపించలేదు. జనానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ ఒలింపిక్స్‌లో ఆమెకు ఏడుసార్లు పది వచ్చింది, సోవియట్ జిమ్నాస్ట్ నెల్లీ కిమ్‌కి రెండుసార్లు.

మీ పాప తెలుసుకోవాల్సిన మలుపు ఇక్కడ ఉంది. పది అనేది పైకప్పు. ఒకసారి దాన్ని తాకాక ఇంక పైకి పోవడానికి చోటు లేదు. 1988లో రొమేనియాకే చెందిన డానియెలా సిలివాష్‌కి కూడా ఏడు పదులు వచ్చాయి. నాడియా కన్నా కష్టమైనవి ఎన్నో చేసింది, మార్కు మాత్రం అదే. ఇంటర్‌లో అందరికీ వెయ్యికి 990 దాటాక ర్యాంకు తేల్చడం ఎంత తలనొప్పో మన తల్లిదండ్రులకు చెప్పక్కర్లేదు. సమాఖ్య కోడ్ బిగించింది, ఒలింపిక్స్‌లో 1992 తర్వాత పది మళ్లీ రాలేదు.

చివరికి 2004 ఏథెన్స్‌లో ఈ మార్కుల గొడవ పేలిపోయింది. మొదలైన ఊళ్లోనే. దక్షిణ కొరియా కుర్రాడు యాంగ్ టే-యంగ్ పారలల్ బార్స్ (డబుల్ బారు) రొటీన్‌కి ప్రారంభ విలువ, అంటే తప్పుల కోతకు ముందు కష్టాన్ని బట్టి ఇచ్చే గరిష్ఠ మార్కు, 10.0 ఇవ్వాల్సింది, జడ్జిలు 9.9 వేశారు. ఆ పదో వంతు ఉంటే ఆల్ అరౌండ్ (అన్ని ఈవెంట్లూ కలిపి) స్వర్ణం అతనిదే. 0.049 తేడాతో మూడోవాడయ్యాడు, స్వర్ణం అమెరికన్ పాల్ హామ్‌కి వెళ్లింది. జడ్జిల్ని సస్పెండ్ చేశారు గానీ ఫలితం మారలేదు. కొద్దిరోజులకే హారిజాంటల్ బార్ (సింగిల్ బారు) ఫైనల్లో రష్యా అలెక్సీ నెమోవ్‌కి తక్కువ వేశారని స్టేడియమంతా నిమిషాల తరబడి కేకలేసింది. ఆపలేక జడ్జిలు 9.725ని 9.762 చేశారు. అయినా పతకం రాలేదు. నెమోవే లేచి జనాన్ని శాంతించమని సైగ చేయాల్సి వచ్చింది. కేకలకు మార్కు మారిందంటే మీ నాన్నగారి మాట నిజమైనట్టే కదా. నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు.

2006 నుంచి పైకప్పు తీసేశారు. మార్కు రెండు ముక్కలైంది. 'డి' స్కోరు అంటే ఎంత కష్టమైనవి చేశావు అన్నది, దీనికి పరిమితి లేదు. 'ఇ' స్కోరు అంటే ఎంత శుభ్రంగా చేశావు అన్నది, పదితో మొదలై తప్పు తప్పుకీ తెగుతుంది. చిన్న తప్పుకి 0.1, మధ్యరకానికి 0.3, పెద్దదానికి 0.5, పడిపోతే ఒక పూర్తి మార్కు. ఈ రెంటినీ వేర్వేరు జడ్జిల ప్యానెల్స్ చూస్తాయి. నాలాంటి జడ్జి దూకుడు చూసి మోకాళ్లు మర్చిపోయే అవకాశం చాలావరకు పోయింది.

ఇప్పుడు పాప 11.35. స్థానిక పోటీల్లో పిల్లల స్థాయిని బట్టి నిబంధనలు కొంత మారతాయి, లెక్క చూపడానికి నా అంకెలు వేస్తున్నాను. డి 3.2, ఇ 8.15 అనుకోండి, కలిపితే 11.35. అంటే శుభ్రతలో 1.85 పోయింది. ఎలా పోతుందో చెబుతాను. రౌండ్ ఆఫ్‌లో (చేతులు ఆనించి పక్కకి తిరిగి, రెండు కాళ్లూ కలిపి దిగే మొగ్గ) కాళ్లు కలవలేదు, 0.1. వెంటనే వేసిన బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్‌లో (వెనక్కి చేతులు ఆనించి వేసే మొగ్గ) మోకాలు వంగింది, ఇంకో 0.1, మరీ వంగితే 0.3. కాలివేళ్లు సాగలేదు, మళ్లీ 0.1. దిగాక చిన్న అడుగు వేసింది 0.1, పెద్ద అడుగైతే 0.3. ఇలా చిల్లర చిల్లరగా పోతుంది, కిరాణా కొట్టు ఖాతాలా. మొదటి స్థానం వచ్చిన పిల్లకి డి 3.0, ఇ 8.9 ఉండొచ్చు, 11.9. అంటే మీ పాప కన్నా తేలికైన రొటీన్ చేసి, మోకాళ్లు తిన్నగా పెట్టి గెలిచిందన్నమాట. నాడియా పదీ, మీ పాప పదకొండూ ఒకే కొలబద్ద మీదివి కావు. సేరునీ కిలోనీ పోల్చినట్టవుతుంది.

పైకప్పు తీసేయడంలో ప్రమాదం కూడా ఉంది. కష్టానికి హద్దు లేదంటే ప్రాణాల మీదికి తెచ్చుకునేవాళ్లు ఉంటారు. పాత పద్ధతిలోనే 1980లో సోవియట్ అమ్మాయి ఎలెనా ముఖినా, థామస్ సాల్టో అనే విన్యాసం సాధన చేస్తూ పడి మెడ విరగ్గొట్టుకుంది. జీవితాంతం మంచంలోనే ఉండిపోయింది. 1997 నుంచి సీనియర్ ఆడపిల్లల కనీస వయసు 16 అయింది, ఇప్పుడైతే పద్నాలుగేళ్ల నాడియాకి ఒలింపిక్స్‌లో చోటే లేదు. మంచి నిర్ణయం అంటాను.

మన దేశం సంగతి. 1952, 1956, 1964 ఒలింపిక్స్‌కి మనవాళ్లు మొత్తం 11 మంది, అందరూ మగవాళ్లే, వెళ్లొచ్చారు. ఆ తర్వాత 52 ఏళ్లు ఎవరూ లేరు. 2010 ఢిల్లీ కామన్‌వెల్త్‌లో ఆశిష్ కుమార్ రజతం, కాంస్యం తెచ్చాకే పత్రికలకు ఈ ఆట ఉందని గుర్తొచ్చింది. 2016 రియోకి త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ వెళ్లింది. వాల్ట్ ఫైనల్లో ఆమె వేసింది ప్రొడునోవా, చేతులు ఆనించి ముందుకు రెండు మొగ్గలు. దాని డి విలువ అప్పట్లో 7.0, ఇ 8.266 వచ్చింది. ఆమె వేసిన ఇంకో వాల్ట్ సుకహారా రకం, 14.866. సగటు 15.066, నాలుగో స్థానం. కాంస్యానికి 0.150 తేడా. చూడండి, అంత కష్టం చేసినా శుభ్రతలో తెగిన ఆ చిల్లర లెక్కే పతకాన్ని పట్టుకుపోయింది. తర్వాత కోడ్‌లో ప్రొడునోవా విలువను 6.4కి దించారు.

మన తెలుగమ్మాయి అరుణా బుద్దారెడ్డి హైదరాబాద్‌లో కరాటేతో మొదలుపెట్టి ఇటు వచ్చింది. 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్ మీద 13.649తో కాంస్యం గెలిచింది. వరల్డ్ కప్‌లో వ్యక్తిగత పతకం గెలిచిన తొలి భారత జిమ్నాస్ట్ ఆమె. పాపకి ఆ వీడియో చూపించండి, గోడ మీద పోస్టర్ల కన్నా అది పనికొస్తుంది.

వైజాగ్‌లో ఉన్నారు కాబట్టి ఒక ఆచరణ మాట. మన ఉప్పుగాలికి బార్ల ఇనుప స్టాండ్లు, బిగించే గొలుసులు తుప్పు పడతాయి. నేను ప్రతి సోమవారం గరుకు కాగితంతో రుద్ది, నట్లు నా చేత్తో తిప్పి చూసేవాణ్ని. ఒకసారి మర్చిపోయాను, ఆ వారమే స్టాండు జారి ఒక కుర్రాడి మణికట్టు బెణికింది. కోచింగ్ ఎక్కడైనా సరే, మీరు నట్లు చూడటం మొదలుపెట్టండి, మొహమాటపడకండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోనే ఆడవాళ్ల వాల్ట్ ఐదు సెంటీమీటర్లు తక్కువ ఎత్తులో బిగించారు. ఎంతమంది పడిపోయాకో గానీ ఎవరూ గమనించలేదు. అంతటి చోటే అలా జరిగితే మనమెంత. ఇక్కడి ఉక్కపోతకి చేతుల చెమట కూడా ఎక్కువే, మెగ్నీషియం పొడి పాప సంచీలో ఎప్పుడూ ఉంచండి, అయితే చేతులు గట్టిగా దులిపాకే బారు పట్టుకోమనండి, ముద్ద కట్టిన పొడి చెమట కన్నా ఎక్కువ జారుతుంది.

మీ నాన్నగారికి మాత్రం ఇలా చెప్పండి. సర్కస్‌లో మోకాలు వంగినా చప్పట్లు వస్తాయి, ఇక్కడ 0.1 పోతుంది. నమ్మకపోతే వచ్చే పోటీకి ఆయన్నే తీసుకెళ్లి, ఒక కాగితం, పెన్సిల్ ఇచ్చి, పాప దిగేటప్పుడు వేసే అడుగులు లెక్కపెట్టమనండి. తర్వాత కోచ్‌ని అడిగి మార్కుల షీటు తీసుకోండి. డి, ఇ విడివిడిగా ఉంటాయి. ఇ అంకె పక్కన ఆయన లెక్క పెట్టి చూసుకోమనండి. ఎంత తేడా వచ్చిందో నాకూ రాయండి.